జడ్జి మేడం చెప్పిన మాట

నల్లగొండ,
12 జూన్ 2016

ప్రియమైన చెల్లె రూపకు,

అక్క మెర్సీ దీవెనలు. నువ్వు నర్సుగా పనిచేసే ఆ అడవి ఊళ్లో ఫోను పలకదు కాబట్టి, హాస్టల్ రోజుల్లోలాగా మళ్లీ కాగితం పట్టుకున్నాను. ఈ సంగతి తీరిగ్గా రాయాల్సిందే కూడా.

నన్ను టీవీలో జడ్జిని చేశారు. నవ్వకు. పోయిన నెల ఒక చానల్ వాళ్లు ఆడవాళ్ల కేసుల మీద చర్చ పెడితే వెళ్లాను కదా, అక్కడ అశోక్‌కుమార్ అనే నిర్మాత నన్ను చూశాడట. ‘మన ఇంటి కోర్టు’ అని కొత్త కార్యక్రమం మొదలుపెడుతున్నారు. కొట్లాడుకునే మొగుడూ పెళ్లాలు వస్తారు. ఇద్దరి మాటా విని నేను తీర్పు చెప్పాలి. చట్టం ముందు నిలిచే తీర్పు కాదనుకో. కానీ పద్నాలుగేళ్లు ఇక్కడి కోర్టులో ఇవే కేసులు వాదించాను. వాయిదాల మీద వాయిదాలు పడి, తీర్పు వచ్చేసరికి తల నెరిసిన ఆడవాళ్లను ఎంతమందిని చూశానో నీకు తెలుసు. ఇక్కడ ఒక్క పూటలో తేలిపోతుంది.

“నాది పల్లె మాట. మీ టీవీల పనికొస్తదా?” అని అడిగాను. “గా మాట కోసమే మిమ్మల్ని తీసుకుంటున్నం మేడం. జర కూడ మార్చకుండ్రి” అన్నాడు. లా కాలేజీలో నేను నోరు తెరిస్తే నవ్వినవాళ్లున్నారు రూపా. ఇప్పుడు ఆ మాటకే కుర్చీ వేశారు. కుర్చీ ముందు బల్ల మీద ఒక చెక్క సుత్తి పెట్టారు. మన కోర్టుల్లో సుత్తి ఎక్కడుందయ్యా అంటే, అది లేకుంటే జనం నమ్మరన్నాడు.

కోర్టు పనీ టీవీ పనీ రెండూ కుదరవు కాబట్టి వకీలు సనదు పక్కన పెట్టాలి. అదొక్కటే కొంచెం గుచ్చుకుంటోంది. అమ్మ అయితే చర్చిలో అందరికీ చెప్పి వచ్చింది, కూలి కురుమయ్య బిడ్డ జడ్జి అయిందని. టీవీ జడ్జినే అమ్మా అంటే, “జడ్జంటె జడ్జే” అంది. నీ మాట కూడా వినాలని ఉంది.

మీ అక్క,
మెర్సీ

*

కొత్తపెంట, అమ్రాబాద్ మండలం,
3 జూలై 2016

అక్కకు వందనాలు.

ఉత్తరం రెండుసార్లు చదివాను. సంతోషమే. నాయిన ఉంటే ఎంత మురిసిపోయేవాడో. కూలికి పోయిన చోట దొర గడప దిగువన నిలబడి మాట్లాడిన మనిషి ఆయన.

ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మలేరియా సూదులు, మందులు మోసుకుని గూడేలకు నడుస్తున్నాను. బురదలో చెప్పు తెగితే చేత పట్టుకుని నడవడమే. సాయంత్రం ఆశ్రమ పాఠశాల వంటమనిషి మల్లమ్మ వేడి వేడి జొన్నరొట్టె ఇస్తుంది, అదీ నా భోగం.

ఒక్కటి అడుగుతాను, కోపం తెచ్చుకోకు. మీ తీర్పు విని చప్పట్లు కొట్టాక ఆ మొగుడూ పెళ్లాం ఒకే బస్సెక్కి ఒకే ఇంటికి పోతారు కదా. ఆ ఇంట్లో తలుపు వేసుకున్నాక ఏమైందో మీ చానల్ వాళ్లు ఎవరైనా పోయి చూస్తారా? మా దగ్గర అయితే సూది వేసిన పిల్లకు జ్వరం వస్తే మర్నాడు నేనే పోయి చూడాలి. అందుకే అడిగాను.

నీ చెల్లె,
రూప

*

నల్లగొండ,
20 ఫిబ్రవరి 2017

ప్రియమైన రూపకు,

ఆలస్యమైంది, క్షమించు. వారానికి మూడు రోజులు హైదరాబాదులో షూటింగ్. కారు పంపిస్తారు. మొన్న దారిలో టీ తాగుదామని దిగితే జనం చుట్టుముట్టారు. ఒక ముసలామె నా చెయ్యి విడిచిపెట్టలేదు. “బిడ్డా, నా కొడుకును టీవీల పిలిచి జర బెదిరియ్యి” అంటుంది. పోలీసులను అడగకుండా నన్ను అడుగుతున్నారంటే ఏమనుకోవాలి?

నీ ప్రశ్నకు జవాబు రాయలేదు కదా. తర్వాత పోయి చూసే పని చానల్ వాళ్లది కాదట. అడిగాను.

కొన్ని పద్ధతులు మొదట నాకు నచ్చలేదు. వచ్చినవాళ్లను వేరు వేరు గదుల్లో కూర్చోబెట్టి, ఆమె ఇట్లా అందని ఇతనికి, ఇతను ఇట్లా అన్నాడని ఆమెకు చెబుతారు. సెట్ మీదకు వచ్చేసరికి నిప్పులు కక్కుతుంటారు. “కడుపుల ఉన్నది బయటికి రావాలె కద మేడం” అంటాడు అశోక్‌కుమార్. చూస్తూ చూస్తూ అలవాటైంది.

పోయిన వారం కేసు నువ్వు చూసి ఉండవు. భాగ్యలక్ష్మి అని, ఆత్మకూర్ దిక్కు మనిషి, జడ్చర్లలో మందుల కంపెనీలో పని. మొగుడు లింగస్వామి లారీ డ్రైవర్. తాగి కొడతాడని ఆమె అర్జీ పెట్టుకుంది. తీరా సెట్ మీదకు వచ్చాక అతను ఆమె ఫోను కాల్ లిస్టు బయటపెట్టాడు. కంపెనీ సూపర్‌వైజర్‌తో గంటలు గంటలు మాటలు. నేను అడిగితే తల వంచుకుని నిలబడింది. ఎంత అడిగినా ఒక్క మాట లేదు. నాకు ఒళ్లు మండింది. “నీ నోట్లె మాట లేకుంటె నీ ఫోన్లెకు ఎట్లొచ్చినయమ్మ గిన్ని మాటలు?” అన్నాను. స్టూడియో అంతా చప్పట్లు. ఇంటికి పోయి కాపురం సరిదిద్దుకొమ్మని చెప్పి పంపాను.

ఆ ముక్క ఒక్కటే కత్తిరించి ఫోన్లలో తిప్పుతున్నారు. పెళ్లి బ్యాండు వాళ్లు దానికి దరువు కూడా కట్టారట. అమ్మకు ఒకటే నవ్వు.

మీ అక్క,
మెర్సీ

*

కొత్తపెంట,
16 ఆగస్టు 2017

అక్కకు వందనాలు.

ఈ ఉత్తరం రాయాలా వద్దా అని చాలా రోజులు ఆగాను.

జూన్‌లో ఇక్కడికి ఒకామె వచ్చింది, వెంట ఆరో తరగతి చదివే బిడ్డ. మల్లమ్మకు అక్క కూతురట. పాఠశాల వంటింట్లో సహాయానికి పెట్టుకున్నారు. ఎడమ మణికట్టు విరిగి వంకరగా అతికింది. కట్టు కట్టించుకోలేదా అంటే కొంగు కప్పుకుంటుంది. అంగడికి పోదు. ఎందుకో తర్వాత తెలిసింది. మన్ననూరు నుంచి వచ్చే కూరగాయల ఆటో అతను ఆమెను గుర్తుపట్టి, నీ గొంతు పెట్టి నువ్వన్న మాట అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె చేతిలో సంచి అక్కడే పెట్టి వచ్చేసింది.

అవును. భాగ్యలక్ష్మే. ఆమె బిడ్డ పేరు సుమన.

ఒకరోజు మణికట్టు నొప్పికి మందు రాస్తుంటే తనే చెప్పింది. ఆమె మాటలే రాస్తున్నాను. “గా సూపర్‌వైజర్ సారు చెల్లె ఒక హాస్టల్ల వార్డెన్. నా బిడ్డకు సీటు అడిగిన. సీటు దొరికితె ఆయిన్ని ఇడిశిపెట్టి పోదమనుకున్న. గదే మాట్లాడిన. టీవీకాడ ఎందుకు చెప్పలేదంటవా? నా బిడ్డ బయట కార్ల ఉండె, మా మరిది కాడ. లోపలికి పోయేముందు మా ఆయిన చెప్పిండు, నువ్వు నోరు తెరిస్తె పిల్ల ఇంటికి రాదని. గా పెద్ద మేడం నన్ను జూసి అడుగుతాంది, నేను కారునే యాది చేస్తున్న.”

ఇంటికి పోయాక ఏమైందో మణికట్టు చూస్తే తెలుస్తుంది.

నేను నీ చెల్లెనని ఆమెకు తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు. చేతులెత్తి మొక్కి అడుగుతున్నాను. ఆ వీడియో తీయించు. ఇంకొకటి, ఆమె ఇక్కడుందని ఎవరికీ చెప్పకు. అతను వెతుకుతున్నాడు.

రూప

*

నల్లగొండ,
9 సెప్టెంబర్ 2017

రూపా,

నీ ఉత్తరం చదివి ఆ పూట అన్నం తినలేదు. కానీ నువ్వు రాసిన తీరు చూస్తే ఆమె చెయ్యి నేనే విరిచినట్టుంది. నా ముందుకు వచ్చింది అతను ఇచ్చిన కాల్ లిస్టు, ఆమె మౌనం. కారులో పిల్ల ఉందని నాకు ఎవరు చెప్పారు? వారానికి ఆరు జంటలు. ఒక్కొక్కరి వెనుక ఏముందో తవ్వే తీరిక అక్కడ ఎవరికీ లేదు. నేను మంచి చేసిన ఆడవాళ్లు కూడా ఉన్నారు, వాళ్ల గురించి నువ్వు ఎన్నడూ అడగవు.

వీడియో గురించి అశోక్‌కుమార్‌తో గట్టిగానే మాట్లాడాను. అది తన చేతిలో లేదన్నాడు. అప్పటికే వేరే వాళ్లు వందల చోట్ల పెట్టుకున్నారట. ఆమె బతికే ఉందా అని అడిగితే, ఉంది, బాగానే ఉంది, బిడ్డను చదివించుకుంటోంది అని మాత్రం చెప్పాను. అతను కూడా బాధపడ్డాడు. దీన్ని ఎట్లా సరిచేయాలో ఆలోచిద్దాం మేడం అన్నాడు.

నువ్వు ఫికర్ చేయకు. నేను చూసుకుంటాను.

అక్క

*

కొత్తపెంట,
4 డిసెంబర్ 2017

మెర్సీ అక్కకు,

జరిగింది జరిగినట్టు రాస్తాను.

నవంబర్ మొదట్లో నేను గూడెంలో కాన్పు చేయించి తిరిగి వస్తున్నాను. పాఠశాల ముందు రెండు వ్యాన్లు. పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టారు. మధ్యలో లింగస్వామి, కొత్త చొక్కా, చేతిలో చీర, పూలదండ. భాగ్యలక్ష్మి వంటింటి గడపలో పిండి చేతులతో నిలబడి ఉంది. ఒక అమ్మాయి మైకు పట్టుకుని, “జడ్జి మేడం మీతో మాట్లాడుతారంట” అని పలక లాంటి ఫోను ఆమె ముందు పెట్టింది.

నీ గొంతు విన్నాను. “భాగ్యలక్ష్మీ, నాడు నిన్ను తప్పుగ అనుకున్న. నన్ను మాఫ్ చెయ్యి బిడ్డా. లింగస్వామి తాగుడు ఇడిశిపెట్టిండు, నా కాళ్ల మీద పడి ఏడ్చిండు. నేను జమానతు ఉంట. నీ ఇంటికి నువ్వు పో.” అదంతా ఎప్పుడు రికార్డు చేశావక్కా? నేను చూసుకుంటానని నాకు రాయకముందా, రాశాకనా?

నేను ముందుకు పోయి ఆపమన్నాను. మైకు పట్టుకున్న అమ్మాయి నన్ను చూసి సంతోషపడింది. “మీరే కద రూప గారు, మేడం చెల్లెలు. మీ వల్లనే గీ అమ్మ దొరికింది” అంది, కెమెరా నా దిక్కు తిప్పించి. భాగ్యలక్ష్మి నా ముఖంలోకి చూసింది. తిట్టలేదు.

తర్వాత కెమెరా దిక్కు తిరిగి తనే మాట్లాడింది. “నేను వస్త. పిల్ల మాత్రం రాదు. పరీక్షలైనంక వస్తది. గిది మేడంకు చెప్పుండ్రి, టీవీల చూపెట్టుండ్రి.” అంతమంది ముందు అన్నది కాబట్టి అతను సరే అనక తప్పలేదు. చేతులు కడుక్కుని చీర మార్చుకుంది. సుమన ఏడుస్తూ వ్యాను పట్టుకుంటే వేళ్లు ఒక్కొక్కటే విడిపించి, మల్లమ్మకు అప్పజెప్పి ఎక్కింది. నేను మన్ననూరు పోయి పోలీసులకు ఫోను చేశాను. ఇష్టంగా పోయింది కదా, టీవీ వాళ్లు కూడా ఉన్నారు కదా అన్నారు.

రెండు వారాలు తిరగలేదు. జడ్చర్లలో వాళ్ల కిరాయి ఇంట్లో చంపేశాడు. గొంతు పిసికి, తర్వాత చీరతో ఫ్యానుకు వేలాడదీశాడు. ఉరి కాదని దవాఖానలో డాక్టరమ్మ చూసిన వెంటనే చెప్పింది. శవాన్ని తీసుకోవడానికి మల్లమ్మా నేనూ పోయాం. మార్చురీ వరండాలో ఎవరి ఫోనులోనో మీ రెండో భాగం నడుస్తోంది, ఆమె వ్యాను ఎక్కేది.

సుమన ఇక్కడే ఉంది. ఆమె పిల్లను ఎందుకు విడిచి పోయిందో నాకు ఇప్పుడు తెలుసు. తన ప్రాణం ఇచ్చి బిడ్డను తప్పించింది. ఎక్కడుందో నీకు రాసింది నేను. అది నేను మోస్తాను. నీది నువ్వు మోసుకో.

రూప

*

నల్లగొండ,
15 డిసెంబర్ 2017

రూపా,

నువ్వు అడిగినదానికి జవాబు: రాశాక. నాలుగు రోజులకు.

అడవి దిక్కు పాఠశాలలో పనిచేస్తోందని మాటల్లో నోరు జారాను. నీ పేరు, నువ్వు పనిచేసే ఊరు వాళ్లకు ముందే తెలుసు. మిగిలింది వాళ్లే వెతికారు. లింగస్వామిని నా ముందుకు తెచ్చారు. తాగుడు మానిపించే కేంద్రం నుంచి కాగితం చూపించాడు. ఏడ్చాడు. ఆమెకు పోయిన పేరు మళ్లీ ఆమెకు ఇద్దాం మేడం అన్నాడు అశోక్‌కుమార్. ఆమె పేరు అన్నాడు. నేను నా పేరు కూడా అనుకున్నాను. ఆ వీడియో కింద నన్ను తిడుతూ రాసేవాళ్లు పెరిగారు. నా నోటితో పాడైంది నా నోటితోనే బాగవుతుందనుకున్నాను.

ఆమె పోయిన మూడో రోజు అశోక్‌కుమార్ ఫోను చేసి, ప్రత్యేక భాగం చేద్దాం, మీరు నల్ల చీర కట్టుకుని రండి అన్నాడు. ఆ మాటతో నాకు కళ్లు తెరుచుకున్నాయని రాస్తే అబద్ధం. అంతకుముందే తెరుచుకోవాల్సింది. రానని చెప్పాను. మళ్లీ ఆ కుర్చీలో కూర్చోను.

జడ్చర్ల పోలీసులకు వాంగ్మూలం ఇచ్చి వచ్చాను. గదులు, కారు, నా రికార్డు, అన్నీ చెప్పాను. అమ్మ టీవీకి బట్ట కప్పింది.

మెర్సీ

*

నల్లగొండ,
27 జనవరి 2019

రూపా,

ఏడాది దాటింది. నువ్వు జవాబివ్వవని తెలిసీ రాస్తున్నాను. మొన్న మహబూబ్‌నగర్ కోర్టులో సాక్ష్యం చెప్పాను. మల్లమ్మను దూరం నుంచి చూశాను. నువ్వు ఆమె వెనుకే ఉన్నావు. దగ్గరికి రాలేకపోయాను.

నువ్వు బయటికి పోయాక జరిగింది నీకు తెలియాలి. అతని వకీలు, నాకు తెలిసినవాడే, ఆ మొదటి ముక్కను కోర్టులో వేయించాడు. నా గొంతు, ఆ చప్పట్లు. భార్య నడత మంచిది కాదని, అందుకే అతను ఒళ్లు తెలియని కోపంలో చేశాడని వాళ్ల వాదన. దానికి సాక్షిని నేనే.

“గప్పుడు చెప్పింది నిజమా మేడం, గిప్పుడు చెప్పేది నిజమా?” అని అడిగాడు.

“గప్పుడు నాకేం తెల్వకుండనే చెప్పిన. తెలుసుకునే పని చెయ్యలె” అన్నాను.

“తెల్వకుండ తీర్పెట్ల ఇచ్చిండ్రు?”

“ఇయ్యమన్నరు, ఇచ్చిన. చప్పట్లు కొట్టిండ్రు.”

దిగి పోతుంటే లింగస్వామి బోనులోంచి నాకు దండం పెట్టాడు. “మీరు చెప్పిందే కద మేడం నేను నమ్మింది” అన్నాడు మెల్లగా. వాడు అబద్ధమాడుతున్నాడని నాకు తెలుసు. నన్ను కలవకముందు నుంచీ కొట్టేవాడు. అయినా ఆ మాట నన్ను విడవటం లేదు.

సనదు మళ్లీ తీసుకున్నాను. ఎవరూ కేసు ఇవ్వరు. కోర్టు మెట్ల దగ్గర పిల్లకాయలు ఇప్పటికీ ఆ మాట అంటారు. నోటరీ సంతకాలు పెట్టుకుంటూ కూర్చుంటాను.

సుమన చదువు బరువు నేను మోస్తాను. ఒక్కసారి ఆ పిల్లను చూడనివ్వు.

అక్క

*

కొత్తపెంట,
30 జూన్ 2019

అక్కకు వందనాలు.

లింగస్వామికి యావజ్జీవం పడింది. పేపర్లో చూసే ఉంటావు. నీ సాక్ష్యం మీద తీర్పులో రెండు పేజీలున్నాయట. సర్కారు వకీలు చెప్పాడు, నువ్వు ఆ జవాబు ఇవ్వకపోతే శిక్ష తగ్గేదని. ఇది నీకు రాయాలనిపించింది. అంతకంటే ఎక్కువ ఏదీ అనుకోకు.

అతని తమ్ముడు, ఆ రోజు కారులో కూర్చున్నవాడే, పిల్లను తనకు అప్పగించాలని కేసు వేశాడు. పోయిన వారం జడ్జి గారు సుమనతో తన గదిలోనే మాట్లాడతానన్నారు. పిల్ల నా చెయ్యి విడవకపోతే నన్ను తలుపు దగ్గర కూర్చోనిచ్చారు. ఆ జడ్జి కూడా ఆడమనిషే, యాభై ఏళ్లుంటాయి. ఎవరి దగ్గర ఉంటావని అడిగారు. సుమన గోడలు చూసింది, ఫ్యాను చూసింది, వంగి బల్ల కింద చూసింది. కెమెరాల కోసం వెతుకుతోందని నాకు అప్పుడు అర్థమైంది.

“గిది టీవీల వస్తదా మేడం?” అంది.

“రాదు బిడ్డా.”

“మల్ల ఎవ్వరు చప్పట్లు కొట్టరు కద?”

“ఎవ్వరు కొట్టరు. నాకొక్కదానికే చెప్పు.”

అప్పుడు చెప్పింది. మల్లమ్మవ్వ దగ్గర ఉంటానంది. చిన్నాయన దగ్గరికి పంపితే పారిపోతానంది. జడ్జి గారు రాసుకున్నారు, మళ్లీ చదివి వినిపించారు, పొమ్మన్నారు. బయటికి వచ్చాక సుమన నన్ను అడిగింది, “అయిపోయిందా? కోర్టంటె గింతేనా?” అని. ఆర్డరు మల్లమ్మ పేరునే వచ్చింది.

దారిలో బస్సులో ఇంకో మాట అడిగింది. “మీ అక్క ఇంక తీర్పులు చెప్తదా?” చెప్పదన్నాను. “మంచిది” అని కిటికీ దిక్కు తిరిగింది. నేను నీ చెల్లెనని ఆ పిల్లకు వ్యాన్లు వచ్చిన రోజు నుంచీ తెలుసు. వాళ్లమ్మ ముందే, కెమెరా ముందే తెలిసింది కదా. అయినా రోడ్డు దాటేటప్పుడు నా చెయ్యే పట్టుకుంటుంది. ఎందుకో అడగటానికి నాకు నోరు రాదు.

నువ్వు ఇక్కడికి రావద్దు అక్కా. నీ ముఖం, నీ గొంతు ఆ పిల్ల మర్చిపోలేదు. చదువుకు ఏమీ పంపొద్దు. ఆమె చదువు నేను చూసుకుంటాను.

వచ్చే ఆదివారం తర్వాత నాకు సెలవు దొరుకుతుంది. నేనే నల్లగొండకు వస్తాను. ఏం మాట్లాడతానో తెలియదు. అసలు మాట్లాడతానో లేదో కూడా తెలియదు. అన్నం మాత్రం వండి పెట్టు.

రూప